రెట్ట చూశాకే సీసా మూత తియ్యి

అమ్మలూ,

పన్నెండు పెట్టలుంటే రోజుకి రెండు గుడ్లు, అందులో ఒకటి తోలుగుడ్డు అన్నావు. నేను నోరు తెరిచేలోపే “నట్టల మందు తెచ్చేశాను పెదనాన్నా, రేప్పొద్దున్నే నీళ్లలో కలిపేస్తా” అనేసి, పొయ్యి మీద పాలు పొంగిపోతున్నాయని ఫోను పెట్టేశావు. ముందు ఆ సీసా తీసుకెళ్లి పిల్లాడికి అందనంత ఎత్తులో పెట్టు. మూత తియ్యకు. ఇది చదివాక తీద్దువుగాని, అప్పటికీ తియ్యాలనిపిస్తే.

పశువుల ఆసుపత్రిలో ముప్ఫై రెండేళ్లు కాంపౌండరు పని చేశాను కదా. గేదెలూ ఎడ్లూ వచ్చే ఆ ఆవరణలోకి కోడిని కొంగు కింద పెట్టుకుని వచ్చేది ఆడవాళ్లే. వరండా చివర నిలబడి, అందరూ వెళ్లాక “కోడిక్కూడా మందిస్తారా బాబూ” అని మొహమాటంగా అడిగేవారు. పుంజుల సంగతి వేరు. సంక్రాంతి దగ్గర పడితే పుంజుని కారులో వేసుకుని వచ్చేవాళ్లని చూశాను. దానికి బాదంపప్పు, కైమా, ఈత కొట్టించడం, ఒంటికి కాపడం. డేగ పుంజుని ఏ రోజు పందెంలోకి వదలాలి, నెమలి పుంజుని ఏ రోజు వదలాలి అని చెప్పడానికి కుక్కుట శాస్త్రం ఒకటి. ఇంటిల్లిపాదికీ గుడ్డు పెట్టే పెట్టకి మాత్రం గుప్పెడు నూకలు చల్లితే చాలు! నాకది అప్పుడూ కోపమే, ఇప్పుడూ కోపమే. నువ్వు పెట్టల గురించి ఆరా తీశావు. అందుకే ఇంత పొడుగు రాస్తున్నాను, ఓపిగ్గా చదువు.

మొట్టమొదట, అవి నిజంగా పెట్టడం లేదా, పెట్టినవి నీకు కనపడటం లేదా? నవ్వకు. నా చిన్నప్పుడు మీ నానమ్మ ఒక నల్లపెట్టని “గొడ్డుపోయింది, పండక్కి కోసెయ్యండి” అంది. నాన్న కత్తి నూరుతున్నారు. నేను గాలిపటం కోసం గడ్డివామి ఎక్కితే అక్కడ, వామి నడినెత్తిన, చక్కగా గుంట చేసి పదిహేడు గుడ్లు! నాన్న కత్తి పక్కన పెట్టేశారు. మీ నానమ్మ ఆ పెట్టకి ఆ రోజు అన్నంలో నెయ్యి కలిపి పెట్టింది, అపరాధం కింద. నువ్వు చెప్పిన పెరట్లో అరటి బోదెలున్నాయి, పాత ఇటుకల కుప్ప ఉంది, వెనక గోడ పక్కన పిచ్చిమొక్కలున్నాయి. ఒక మూడు రోజులు పెట్టల్ని పొద్దున్న పదకొండింటి దాకా గూట్లోనే ఉంచి, తర్వాత వదులు. గుడ్లు చాలావరకు మధ్యాహ్నం లోపే పడతాయి. లోపల నీళ్లూ మేతా, ఓ మూల గడ్డి పరిచిన గంపా ఉండాలి. మూడు రోజుల లెక్క ఒక కాగితం మీద రాసుకో.

లెక్క రాసేటప్పుడు ఇంకొకటి. నిన్న ఎనిమిదింటికి పెట్టిన పెట్ట ఇవాళ తొమ్మిదిన్నరకి పెడుతుంది, రేపు ఇంకా ఆలస్యం, ఎల్లుండి అసలు పెట్టదు. రోగం అనుకునేవు. పెట్ట కడుపులో గుడ్డు తయారవడానికి 24 నుంచి 26 గంటలు పడుతుంది, రోజుకి ఉన్నవేమో 24 గంటలే. అందుకని రోజూ కొంచెం వెనక్కి జరుగుతూ జరుగుతూ ఒక రోజు ఎగ్గొడుతుంది. నీ దగ్గర ఆరు గ్రామప్రియలు, ఆరు నాటువి కదూ. గ్రామప్రియ అంటే హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ వాళ్లు పెరటి పెంపకం కోసమే తయారుచేసిన జాతి. గుడ్డు మీద ధ్యాస ఉన్నది. నాటుది అలా కాదు, అది తల్లి. పన్నెండో పదిహేనో పెట్టి పొదుగుడికి కూర్చుంటుంది. పిల్లలు లేచాక వాటిని తిప్పుకుంటూ రెండు నెలలు మనల్ని పట్టించుకోదు. ఏడాది మొత్తం మీద దాని దగ్గర యాభై అరవై గుడ్లొస్తే గొప్ప. కాబట్టి పన్నెండు పెట్టలకి పన్నెండు గుడ్లు అని మనసులో పెట్టుకుని ఏడవకు.

రాత్రి చీకటి పడ్డాక టార్చి పట్టుకుని గూట్లోకి వెళ్లు. అప్పుడవి పట్టుకుంటే గోల చెయ్యవు. ఒక్కొక్కదాన్నీ ఎడమ చంకలో పెట్టుకో, తల నీ వెనక్కి, తోక నీ ముందుకి. కుడిచేత్తో తోక కింద నిమిరితే రెండు సన్నటి ఎముకల కొనలు తగులుతాయి. వాటి మధ్య నీ వేళ్లు పెట్టి చూడు. రెండు మూడు వేళ్లు పట్టి, ఆ చోటు మెత్తగా, తడిగా, వెడల్పుగా ఉంటే ఆ పెట్ట గుడ్లు పెడుతున్నట్టే. ఒక్క వేలు కూడా ఇరుకుగా పట్టి, ముడుచుకుని పొడిగా ఉంటే అది మానేసింది. తురాయి కూడా చూడు. పెట్టేదానికి ఎర్రగా, నిండుగా, వేలితో నొక్కితే వెచ్చగా ఉంటుంది. మానేసినదానికి చిన్నబోయి, పాలిపోయి, పొలుసులు కట్టినట్టుంటుంది. ఇంకో గుర్తు, రొమ్ము ఎముక. దానికి రెండు వైపులా కండ నిండుగా ఉందా, చేతికి కత్తి అంచులా తగులుతోందా? కత్తి అంచులా తగిలితేనే నట్టల మీద నా అనుమానం మొదలవుతుంది. పన్నెండింటినీ ఇలా చూడటానికి అరగంట చాలు. మందు డబ్బులు మిగిల్చే అరగంట అది.

ఇక రెట్ట. అదే రాత్రి అవి పడుకునే కర్ర కింద పాత పేపర్లు పరిచెయ్యి. తెల్లవారుజామునే, అవి దిగి తొక్కకముందే తీసి చూడు. బాగున్న కోడి రెట్ట ముద్దగా, ఆకుపచ్చా గోధుమా కలిసిన రంగులో ఉండి, నెత్తిన తెల్లటి టోపీ పెట్టుకుని ఉంటుంది. ఎనిమిది పదిసార్లకోసారి జిగటగా, ముదురు గోధుమరంగులో, భరించలేని కంపుతో ఒకటి వేస్తుంది. అది విరేచనం కాదు, దాని పేగు తీరే అంత. అది చూసి హడలిపోయి వచ్చినవాళ్లు ఎంతమందో! నువ్వు చూడాల్సినవి వేరు. అన్నం మెతుకుల్లాంటి తెల్లటి ముక్కలు, కాసేపు కదలకుండా చూస్తే మెల్లగా ముడుచుకుంటూ సాగుతూ కనిపిస్తే, అవి బద్దెపురుగు తునకలు. తెల్లటి దారంలా, సేమ్యా పోగులా ఉండి అంగుళం రెండంగుళాల పొడుగుంటే ఏలికపాము. అది పెరిగితే మూడు నాలుగంగుళాల దాకా పోతుంది. వెంట్రుక కన్నా సన్నటివి ఉంటాయి, అవి కంటికి ఆనవు, కానీ కోడిని పీల్చేసేవి అవే. ఎర్రగా రక్తం కనిపిస్తే మాత్రం నట్టల మందు జోలికే పోకు. అది రక్తపారుడు కావచ్చు, ముఖ్యంగా పిల్లల్లో. దాని మందు వేరు, ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.

కంటికి ఏమీ కనపడకపోయినా పురుగులు లేవని కాదు. అప్పుడే వేసిన రెట్ట నాలుగైదు చోట్ల నుంచి కొంచెం కొంచెం తీసి ఒక చిన్న డబ్బాలో వేసి మీ మండలం పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లు. మా రోజుల్లో అగ్గిపెట్టెల్లో తెచ్చేవారు. మేం దాన్ని చిక్కటి ఉప్పునీళ్లలో కలిపి వడకట్టి నిలబెడితే పురుగు గుడ్లు పైకి తేలేవి. గాజుపలక దానికి ఆనించి సూక్ష్మదర్శిని కింద పెడితే కోలగా, బియ్యపుగింజకి బొమ్మ గీసినట్టు కనపడేవి. డాక్టరు గారు చూసి ఎక్కువున్నాయా, ఏ రకమో చెప్పేవారు. పావుగంట పని. ఏ పురుగో తెలిస్తే ఏ మందో తెలుస్తుంది.

ఒక సంగతి చెప్తాను. ఓ రోజు ఒకావిడ గిన్నె తెచ్చి నా ముందు పెట్టింది. అట్టుకని పగలగొట్టిన గుడ్డు, తెల్లసొనలో ఒక తెల్లటి పురుగు, చుట్ట చుట్టుకుని. “ఎవరో చేతబడి చేశారు బాబూ” అని వణికిపోతోంది. కోడిగుడ్డు మీద ఈకలు పీకడం విన్నాను గానీ గుడ్డు లోపల పాము చూడటం నాకూ అదే మొదలు. జరిగిందేమిటంటే, పేగుల్లో ఏలికపాములు మరీ ఎక్కువైపోయినప్పుడు ఒకటి దారి తప్పి కింద నుంచి గుడ్డు వచ్చే గొట్టంలోకి పైకి పాకుతుంది. పెంకు కట్టకముందే గుడ్డులో ఇరుక్కుంటుంది. చాలా అరుదు. ఆవిడ ఇంటికి వెళ్లి చూస్తే గూడు అడుగున తడి, నాలుగు నెలల రెట్ట, ముప్ఫై కోళ్లు పట్టలేక ఒకదాని మీద ఒకటి. చేతబడి చేసింది ఆ గూడే.

పురుగులు పట్టిన దారి తెలిస్తే మందు సగం అర్థమవుతుంది. ఏలికపాము గుడ్లు రెట్టలో పడతాయి. పడిన వెంటనే ఏం చెయ్యవు. తడీ వెచ్చదనమూ దొరికితే రెండు వారాల్లో పక్వానికి వస్తాయి. కోడి నేల కెలికి తిన్నప్పుడు కడుపులోకి పోయి, నెలా రెండు నెలల్లో పెద్దవై మళ్లీ గుడ్లు పెడతాయి. నేలలో ఆ గుడ్లు నెలల తరబడి చావవు. ఫినాయిలుకీ చావవు. ఎండకీ ఆరుదలకీ చస్తాయి. బద్దెపురుగు దారి ఇంకోటి. దాని పిల్లలు చీమల్లోనూ పేడపురుగుల్లోనూ ఈగల్లోనూ దాక్కుని, వాటిని కోడి తిన్నప్పుడు లోపలికి పోతాయి. వానపాములు మోసుకొచ్చేవి ఇంకొన్ని. పెరటికోడికి పురుగులు లేకుండా ఉండటం అంటే చేపకి తడి తగలకుండా ఉండటమే. నాలుగు పురుగులున్న పెద్ద పెట్ట దర్జాగా గుడ్లు పెడుతూనే ఉంటుంది. పడిపోయేది మూడు నెలల లోపు పిల్లలు. రెక్కలు వాల్చి, ఎదుగుబొదుగూ లేకుండా, ఎంత తిన్నా బరువు రాకుండా ఉంటాయి. ఏడాది దాటిన పెట్టలు గుడ్లు మానేస్తే నట్టలు ఒక్కటే కారణం అవడం తక్కువ. ముప్ఫై రెండేళ్లలో నేను చూసిన లెక్క అది.

సరే, రెట్టలో పురుగులు కనపడ్డాయి, డాక్టరు గారూ అవునన్నారు అనుకుందాం. నువ్వు తెచ్చింది పైపెరజిన్ అయితే అది పెద్ద ఏలికపాముల్ని మాత్రమే పడగొడుతుంది. బద్దెపురుగుకి దాంతో పని జరగదు, దానికి ప్రాజిక్వాంటెల్ లాంటిది కావాలి. ఆల్బెండజోల్, ఫెన్‌బెండజోల్, లెవామిసోల్ ఇంకొన్ని రకాల మీద పనిచేస్తాయి. ఆల్బెండజోల్ నీకు తెలిసిందే. ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న బడిలో మీవాడి చేత చప్పరింపించే నులిపురుగుల మాత్ర అదే. ఆ మాత్ర 400 మిల్లీగ్రాములు. కోడికి నేను కిలో బరువుకి 10 మిల్లీగ్రాముల లెక్కన వేసేవాణ్ణి. అంటే రెండు కిలోల పెట్టకి 20, మాత్రలో ఇరవయ్యో వంతు. మాత్రని నాలుగు ముక్కలు చేసి నాలుగు కోళ్లకి మింగించేవాళ్లున్నారు, వాళ్లలా చెయ్యకు. పశువుల మందుల్లో రెండున్నర శాతం ద్రవం దొరుకుతుంది, ఒక మిల్లీలీటరులో 25 మిల్లీగ్రాములుంటుంది. రెండు కిలోల పెట్టకి 0.8 మిల్లీలీటరు. సూది తీసేసిన చిన్న సిరంజితో కొలువు. చెంచాతో కొలవకు, కంటితో అసలే కొలవకు. పెట్టల్ని తూకం వెయ్యి, కూరగాయల తక్కెడ చాలు. ఇది నా లెక్క. మీ డాక్టరు గారు పురుగుని బట్టి ఇంకోలా చెప్తే ఆయన మాటే విను.

నీళ్లలో కలుపుతానన్నావు చూడు, అది నాకు నచ్చలేదు. ఫారాల్లో వేల కోళ్లకి అలా తప్పదు, నీకు పన్నెండే. నీళ్లలో కలిపితే పొగరుబోతు పెట్ట రెండింతలు తాగుతుంది. జబ్బుగా మూల కూర్చున్నది, మందు అసలు కావల్సినది, చుక్క ముట్టదు. ఒక్కొక్కదానికీ విడిగా వెయ్యి. చంకలో అదిమి, బొటనవేలితో ముక్కు పక్క నుంచి తెరిచి, చుక్కా చుక్కా వదులు. ప్రతి చుక్కకీ మింగనివ్వాలి. నాలిక వెనక ఒక చిన్న కన్నం తెరుచుకుంటూ మూసుకుంటూ కనపడుతుంది, అది ఊపిరిగొట్టం. గబుక్కున పోస్తే మందు అందులోకి పోతుంది. ఉద్యోగంలో చేరిన మొదటి ఏడు ఒక ముసలమ్మ పెట్టని నేనే ఇలా చంపాను. వెనక ఇంకా పదిమంది ఉన్నారని తొందర. నా చేతుల్లోనే రెండుసార్లు తన్నుకుని తల వాల్చేసింది. ఆవిడ “పోనీలే బాబూ, దాని ఆయుష్షంతే” అని కొంగులో చుట్టుకుని వెళ్లిపోయింది. తిట్టినా బాగుండేది.

మందు ఒకసారి వేసి చేతులు దులుపుకోకు. లోపల పిల్లపురుగులు కొన్ని మిగులుతాయి, నేలలోవి మళ్లీ పోతాయి. రెండు మూడు వారాలకి ఇంకోసారి వెయ్యి. ఈ లోపు గుడ్లు ఎన్నాళ్లు తినకూడదో సీసా మీద ఉంటుంది. లేకపోతే డాక్టరు గారిని అడుగు. మా ఇంట్లో మీ పెద్దమ్మ పది రోజులు ఆ గుడ్లు వంటింట్లోకి రానివ్వదు, పక్కింటికీ ఇవ్వదు. ఇంకోటి, ఈకలు రాల్చి కొత్తవి మొలిచే సమయంలో ఫెన్‌బెండజోల్ వద్దు, మొలిచే ఈకలు వంకర పోతాయి. వెల్లుల్లి, వేపాకు, వాయువిడంగాలు అంటావా, వెయ్యి, నాకు అభ్యంతరం లేదు. వాటితో పొట్ట నిండా ఉన్న పురుగులు పడిపోవడం మాత్రం నా కళ్లతో చూడలేదు.

కోడికి మందు వేసి నేలని వదిలేస్తే మూడు నెలలకి నీ పని మళ్లీ మొదటికొస్తుంది. గూడు అడుగున ఊక నాలుగంగుళాలు పోసి, రెండు రోజులకోసారి పారతో తిరగెయ్యి. తడిసిన చోట తీసి పారేసి కాస్త పొడిసున్నం చల్లి కొత్త ఊక వెయ్యి. నీళ్ల గిన్నె ఇటుక మీద ఎత్తున పెట్టు, దాని చుట్టూ బురదే అన్నిటికీ మూలం. మేత నేల మీద చల్లకు, తొట్టిలో పెట్టు. పెరడుని వలతో రెండు ముక్కలు చేసి, నెల ఇటు, నెల అటు తిప్పు. ఖాళీగా ఉన్న వైపు మంచి ఎండ తగలాలి, అక్కడి అరటాకులు కాస్త కొట్టించు. పిల్లల్ని పెద్దవాటితో కలపకు. పెద్ద పెట్ట పురుగులు మోసి తట్టుకుంటుంది, పిల్ల తట్టుకోలేదు. తొలకరికి ముందోసారి, వానలు వెనకబట్టాక ఇంకోసారి రెట్ట పరీక్ష చేయించు. పురుగుంటే మందు వెయ్యి, లేకపోతే వద్దు.

ఇప్పుడు నా అసలు అనుమానానికి వస్తాను. నీ పెట్టల్ని పోయినేడు దసరాకి ఆరు వారాల పిల్లలుగా తెచ్చావు. ఇప్పుడు మార్గశిరం. అంటే వాటికి పదిహేను పదహారు నెలలు. పెట్ట మొదటిసారి ఈకలు రాల్చే వయసు ఇదే. గూట్లో ఈకలు కుప్పలుగా పడుతున్నాయని పోయిన నెల నువ్వే అన్నావు, పిల్లి వచ్చిందేమోనని భయపడ్డావు కూడా. పిల్లి కాదు. ఒంట్లో ఉన్న మాంసకృత్తులన్నీ కొత్త ఈకలకి పోతుంటే గుడ్డుకేం మిగులుతుంది? రెండు మూడు నెలలు పెట్టవు. దానికి మందు లేదు, వేరుశెనగ చెక్క, ఎండు చేపల పొట్టు, ఉడికించిన సోయా లాంటివి గుప్పెడు ఎక్కువ పెట్టడమే. ఇంకోవైపు పగలు కురచైపోయింది. మన దగ్గర ధనుర్మాసంలో పగలు 11 గంటలే, జ్యేష్ఠంలో 13. పెట్ట కంటికి 14 గంటల వెలుగు తగిలితేనే దాని ఒంట్లో గుడ్ల యంత్రం నిండుగా తిరుగుతుంది. గూట్లో చిన్న బల్బు పెట్టి తెల్లవారుజామున మూడున్నరకి వెలిగేలా చెయ్యి. సాయంత్రం పూట వద్దు, బల్బు ఆరిపోగానే చీకట్లో కర్ర ఎక్కలేక కింద తడుముకుంటాయి. ఈకలు రాల్చేవాటికి మాత్రం బల్బు తొందర పెట్టకు, వాటి విశ్రాంతి వాటిది.

తోలుగుడ్డు సంగతి. ఒక పెంకులో సుమారు రెండు గ్రాముల కాల్షియం ఉంటుంది. పెంకు కట్టేది ఎక్కువగా రాత్రి, నువ్వు నిద్రపోతున్నప్పుడు. అప్పుడు దాని కందనకాయలో కాల్షియం లేకపోతే ఎముకల్లోంచి తీసి కడుతుంది, అదీ చాలకపోతే పొర చుట్టి వదిలేస్తుంది. నువ్వేం పెడుతున్నావు? నూకలూ, మిగిలిన అన్నమూ. నూకల్లో మాంసకృత్తులు ఎనిమిది శాతం, పెట్టకి కావల్సింది పదహారు. కాల్షియం లేనట్టే. ఆల్చిప్పల గుల్ల కిలో తెచ్చి, కందిగింజంత ముక్కలు చేసి, విడి గిన్నెలో సాయంత్రం పూట పెట్టు. పొడి చెయ్యకు, పొడి గబగబా దాటిపోతుంది. ముక్కలు కందనకాయలో నిలిచి రాత్రంతా కొంచెం కొంచెం కరుగుతాయి. కావల్సిన పెట్ట తనే తింటుంది. ఇంకా గుడ్డుకి రాని పిల్లలకి మాత్రం పెట్టకు, వాటి మూత్రపిండాలు పాడవుతాయి. మునగాకు, తోటకూర రోజూ ఓ పిడికెడు. ఊరగాయ కలిపిన అన్నం వద్దు, ఉప్పు ఎక్కువైతే వాటికి విషం. ఎండాకాలంలో ఈ తోలుగుడ్లు మళ్లీ వస్తాయి, రోజుతుంటే రక్తంలో పెంకుకి కావల్సిన సరుకు తగ్గిపోతుంది. అప్పటికి నీడా చల్లటి నీళ్లూ చూసుకో.

ఆ తోలుగుడ్డు పెట్టిన పెట్టని కనిపెట్టి ఉండు. ఒక్కోసారి గుడ్డు దారిలో ఇరుక్కుపోతుంది. తోక కిందికి వాల్చి, నిటారుగా నిలబడి ముక్కుతూ, గంపలోకి వెళ్లి వస్తూ, మేత ముట్టకుండా ఉంటుంది. అలా కనపడితే లోతైన బకెట్లో చెయ్యి పెడితే వెచ్చగా ఉండేంత నీళ్లు పోసి, పెట్టని పొట్ట దాకా ఇరవై నిమిషాలు కూర్చోబెట్టు. మొదట రెక్కలు కొట్టుకుంటుంది, తర్వాత కళ్లు మూసుకుని హాయిగా కూర్చుంటుంది, చూస్తే నవ్వొస్తుంది. తుడిచి, గుడ్డు వచ్చే దారికి కొబ్బరినూనె రాసి, చీకటిగా వెచ్చగా ఉన్న చోట వదులు. నొక్కకు. లోపల గుడ్డు పగిలితే పెట్ట దక్కదు. పూట గడిచినా రాకపోతే ఆసుపత్రికి తీసుకెళ్లు.

పొదుగుడికి కూర్చున్నవాటి గురించి అడగలేదు గానీ చెప్తున్నాను. నాటువాటిలో రెండో మూడో గంప వదలకుండా, చెయ్యి పెడితే ఈకలు నిక్కించి గొణుగుతూ ఉండుంటాయి. వాటిని మాన్పించాలని ముక్కులో ఈక దూర్చేవాళ్లున్నారు, నీళ్లలో ముంచేవాళ్లున్నారు. మీ నానమ్మ కూడా చేసేది, నేను వద్దని దెబ్బలాడేవాణ్ణి. కింద గాలి ఆడే వైరు బోనులో, గడ్డి లేకుండా, మేతా నీళ్లూ పెట్టి మూడు నాలుగు రోజులు ఉంచితే పొట్ట చల్లబడి మానేస్తుంది. లేకపోతే హాయిగా పన్నెండు గుడ్లు పెట్టి కూర్చోబెట్టు, 21 రోజులకి పిల్లలు.

టార్చి వేసి వెళ్లినప్పుడే గూడు చెక్కల సందుల్లో కూడా వెలుగు వెయ్యి. ఎర్రటి ఇసక రేణువుల్లాంటివి పాకుతుంటే అవి రాత్రిపూట రక్తం తాగే పురుగులు, పగలు కోడి ఒంటి మీద ఒక్కటీ కనపడదు. తురాయి పాలిపోవడానికి నట్టలకన్నా ఇవే ఎక్కువ కారణం. సందులు కాల్చి సున్నం కొట్టించు. ఓ మూల పొడిబూడిద, ఇసక కలిపి తొట్టిలో పెట్టు, అవే పొర్లాడి పేలు దులుపుకుంటాయి.

భయపడాల్సింది ఒక్కదానికే. అన్నీ ఒకేసారి గుడ్లు మానేసి, ఆకుపచ్చగా పారి, మెడ తిప్పుకుంటూ, నోరు తెరిచి గురక పెడితే అది కొక్కెర తెగులు. ఉత్తరాఖండ్‌లోని రాణీఖేత్ పేరు దానికి అంటుకుంది, మన దేశంలో మొదట బయటపడింది అక్కడే. 1920ల నాటి మాట. దానికి మందు లేదు, టీకా ఉంది. నీ పెట్టలకి ఎనిమిది వారాలప్పుడు రెక్కలో సూది వేయించావా? గుర్తు లేదంటే వేయించనట్టే. డాక్టరు గారిని అడిగి ఇప్పుడైనా వేయించు. నట్టలుంటే వాటి మందు ముందు వేసి, ఓ వారం ఆగి టీకా. పురుగులున్న ఒంట్లో టీకా సరిగా పట్టదు.

ఇవాళ రాత్రి పేపర్లు పరుచు. తెల్లారాక ఫోటో తీసి పంపు, మీ పెద్దమ్మ కాఫీ తాగుతున్నప్పుడు చూపించకు అని నన్ను ముందే హెచ్చరించింది, నేను పెరట్లోకి వెళ్లి చూస్తాను. ఎముకల మధ్య ఏ పెట్టకి ఎన్ని వేళ్లు పట్టాయో కూడా రాయి, పేరు పేరునా. వాటిలో మచ్చల పెట్టకి మాత్రం రెండుసార్లు చూడు. అది గోడ దూకి అవతలి ఇంట్లో పెడుతోందని నా అనుమానం.

మీ పెదనాన్న